పిట్యూటరీ గడ్డకు మాత్రలా, ఆపరేషనా, రేడియేషనా?

ఎమ్మారై రిపోర్టులో ‘పిట్యూటరీ అడినోమా’, అంటే పీయూష గ్రంథిలో గడ్డ, అని కనబడగానే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. మెదడులో గడ్డ అంటారు, క్యాన్సరేమో అంటారు, రేపే ఆపరేషన్ చేయించెయ్యాలేమో అంటారు. నిజానికి ఈ గడ్డల్లో దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. ఇతర అవయవాలకు పాకే రకం చాలా చాలా అరుదు. కంటిచూపు తగ్గనంత వరకు, ఒంటిని నిలబెట్టే కార్టిసాల్ హార్మోన్ పడిపోనంత వరకు ఆలోచించుకోవడానికి సాధారణంగా కొన్ని వారాల వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో ఏ పరీక్షలు చేయించుకోవాలి, ఏ దారిని ఏ దారితో పోల్చుకోవాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. రిపోర్టు చేతికి రాగానే అందరూ అడిగేది గడ్డ ఎంత పెద్దదని. అంతకన్నా ముందు అడగాల్సింది అది ఏ హార్మోన్‌ను తయారుచేస్తోందని. 3 సెంటీమీటర్ల గడ్డ వారానికి రెండు మాత్రలతోనే కుంచించుకుపోవచ్చు. 4 మిల్లీమీటర్ల గడ్డకు ఆపరేషన్ తప్పకపోవచ్చు. ఈ తేడాను బయటపెట్టేది రక్తపరీక్ష. అందుకే హార్మోన్ పరీక్షలు పూర్తికాకుండా ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవద్దని గట్టిగా చెబుతాను.

గ్రంథి ఎలా పనిచేస్తుంది

పీయూష గ్రంథి బఠాణీ గింజంత ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. ముక్కు వెనక, పుర్రె అడుగు ఎముకలో ఉన్న చిన్న గుంటలో కూర్చుని, సన్నని కాడతో పైనున్న హైపోథాలమస్ అనే మెదడు భాగానికి వేలాడుతుంది. దానికి కొద్ది మిల్లీమీటర్ల పైన రెండు కంటి నరాలూ కలుసుకునే కూడలి ఉంది. రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు, కనుగుడ్లను కదిలించే నరాలు ఉన్నాయి. గడ్డ పైకి పెరిగితే చూపులో రెండు బయటి పక్కలూ మసకబారడానికి, పక్కకు పెరిగితే సర్జన్ దాన్ని పూర్తిగా తీయలేకపోవడానికి కారణం ఈ ఇరుకే.

గ్రంథి ముందు భాగం ఆరు ముఖ్యమైన హార్మోన్లను తయారుచేస్తుంది. అడ్రినల్ గ్రంథులను నడిపే ఏసీటీహెచ్, థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్, అండాశయాలనూ వృషణాలనూ నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎదుగుదల హార్మోన్, పాలు పట్టించే ప్రొలాక్టిన్. వెనక భాగం సొంతంగా ఏమీ తయారుచేయదు. హైపోథాలమస్‌లో తయారైన వేసోప్రెసిన్, ఆక్సిటోసిన్‌లను నిల్వ ఉంచి, అవసరమైనప్పుడు విడుదల చేస్తుంది. మూత్రం రూపంలో నీరు ఎక్కువగా పోకుండా కాపాడేది వేసోప్రెసిన్.

ఈ ఆరింటిలో ప్రొలాక్టిన్ తీరు వేరు. మిగతావాటిని హైపోథాలమస్ ‘తయారుచెయ్యి’ అని పురమాయిస్తే, ప్రొలాక్టిన్‌ను మాత్రం డోపమిన్ అనే రసాయనంతో ఎప్పుడూ అణచి ఉంచుతుంది. వైద్యం ఎంచుకునేటప్పుడు దీనివల్ల రెండు విషయాలు తేలుతాయి. డోపమిన్‌లా పనిచేసే మాత్ర వేస్తే ప్రొలాక్టిన్ గడ్డ నోరు మూసుకోవడమే కాదు, సైజు కూడా తగ్గుతుంది. మరోపక్క, ఏ రకం గడ్డయినా సరే కాడను నొక్కితే డోపమిన్ కిందికి దిగక ప్రొలాక్టిన్ కొంచెం పెరుగుతుంది. అలా పెరిగిన అంకెను చూసి ప్రొలాక్టిన్ గడ్డేనని పొరబడితే, నెలల తరబడి పనికిరాని మాత్రలు మింగాల్సి వస్తుంది. ఈలోగా అసలు గడ్డ పెరుగుతుంది.

నిర్ణయానికి ముందు చేతిలో ఉండాల్సినవి

ప్రొలాక్టిన్, ఎదుగుదల హార్మోన్ ఎక్కువైందేమో చూపే ఐజీఎఫ్-1, ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్, టీఎస్‌హెచ్‌తో పాటు థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టీ4, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, మగవారికి ఉదయం టెస్టోస్టెరాన్, సోడియం. ఒంట్లో కార్టిసాల్ ఎక్కువైన ఛాయలుంటే రాత్రి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకుని ఉదయం చేసే కార్టిసాల్ పరీక్ష కూడా. గడ్డ కంటి నరాలను తాకుతుంటే విజువల్ ఫీల్డ్ పరీక్ష తప్పనిసరి. పక్కచూపు మెల్లమెల్లగా పోతుంది కాబట్టి మనిషికి తెలియదు. తలుపు అంచులు తగులుకోవడం, బండి నడిపేటప్పుడు పక్కవాటిని గమనించకపోవడం మొదలయ్యే నాటికి నష్టం చాలా జరిగి ఉంటుంది.

టీఎస్‌హెచ్ ఒక్కటి చూసి థైరాయిడ్ బాగుందని నమ్మవద్దు. మామూలు థైరాయిడ్ జబ్బులో టీఎస్‌హెచ్ పెరుగుతుంది. జబ్బు పీయూష గ్రంథిలోనే ఉంటే టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనబడుతూ ఫ్రీ టీ4 కిందికి జారుతుంది. ‘థైరాయిడ్ నార్మల్’ అన్న రిపోర్టు పట్టుకుని ఏళ్ల తరబడి నీరసంతో బతికేవాళ్లు ఇలాగే మిగిలిపోతారు.

ప్రొలాక్టిన్ అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. గర్భం, పాలివ్వడం, థైరాయిడ్ లోపం, కిడ్నీ జబ్బు, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్, మానసిక జబ్బులకు వాడే రిస్పెరిడోన్ వంటి మందులు కూడా దాన్ని పెంచుతాయి. సూది గుచ్చేటప్పటి భయం కూడా కొంత పెంచుతుంది. మిల్లీలీటరుకు 200 నుంచి 250 నానోగ్రాములు దాటితే సాధారణంగా పెద్ద ప్రొలాక్టిన్ గడ్డే. పెద్ద గడ్డ ఉండి కూడా అంకె 100 లోపే ఉంటే, అది కాడను నొక్కుతున్న వేరే రకం గడ్డ అయి ఉండవచ్చు. ఇక్కడో మెలిక ఉంది. ప్రొలాక్టిన్ మరీ విపరీతంగా ఉన్నప్పుడు యంత్రం తికమకపడి తక్కువ అంకె చూపించగలదు. అందుకే 3 సెంటీమీటర్లు దాటిన గడ్డకు మామూలు అంకె వస్తే, రక్తాన్ని పలచన చేసి మళ్లీ పరీక్షించమని లేబొరేటరీని అడగాలి. ఈ ఒక్క అడుగుతో కొందరికి ఆపరేషనే తప్పిపోతుంది.

మందు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ప్రొలాక్టిన్ పెరిగిందని మానసిక జబ్బు మాత్రలను సొంతంగా ఆపకండి. ఆ మార్పు సైకియాట్రిస్ట్ చేతుల మీదుగానే జరగాలి.

గమనిస్తూ ఉండటమా, చికిత్సా

వేరే కారణానికి తల స్కాన్ తీయించుకుంటే బయటపడ్డ చిన్న గడ్డ, ఏ హార్మోనూ తయారుచేయనిది, 10 మిల్లీమీటర్ల లోపుది అయితే గమనిస్తూ ఉండటమే సరైన వైద్యం. ఇలాంటివి చాలామందిలో ఉంటాయి. ఏ బాధా లేకుండానే జీవితం గడిచిపోతుంది. ఏడాది తర్వాత మళ్లీ స్కాన్, మార్పు లేకపోతే ఆ తర్వాత మరింత ఎడంగా. దీన్ని ‘ఏమీ చేయకపోవడం’ అనుకుని దిగులుపడేవాళ్లకు ఒకటి చెప్పాలి. ఆపరేషన్‌తో గ్రంథి దెబ్బతినే అవకాశం కొద్దిగా ఉన్నా, ఏ హానీ చేయని గడ్డ కోసం దాన్ని కొనితెచ్చుకోవడంలో అర్థం లేదు.

10 మిల్లీమీటర్లు దాటి, హార్మోన్ తయారుచేయని గడ్డ విషయంలో నిర్ణయం కంటి నరాల మీద ఆధారపడుతుంది. చూపు తగ్గితే ఆపరేషన్. నరాలను తాకకుండా దూరంగా ఉంటే 6 నెలలకు స్కాన్, తర్వాత ఏటా. తాకుతోంది కానీ చూపు ఇంకా బాగుంది అన్న మధ్యస్థితిలో ఉన్నవాళ్లే నిజంగా ఆలోచించుకోవాల్సినవాళ్లు. వయసు తక్కువ, గడ్డ పెరుగుతున్న ఆనవాళ్లు, పిల్లల్ని కనాలన్న ఆలోచన ఉంటే ఆపరేషన్ వైపు మొగ్గు చూపడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు గ్రంథి తనంతట తానే ఉబ్బుతుంది. వయసు మళ్లినవారికి, గుండె జబ్బులున్నవారికి మూడు నాలుగు నెలలకోసారి చూపు పరీక్షతో గమనించడం న్యాయమైన దారి. ఈ రకం గడ్డలకు నమ్మదగిన మాత్ర ఇంతవరకు లేదు.

ప్రొలాక్టిన్ గడ్డ: కాబెర్గోలినా, బ్రోమోక్రిప్టినా, ఆపరేషనా

హార్మోన్ తయారుచేసే గడ్డల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఇదే. ఆడవారిలో నెలసరి ఆగిపోవడం, గర్భం రాకపోవడం, బిడ్డ లేకుండానే పాలు రావడం వల్ల తొందరగా దొరుకుతుంది. మగవారిలో కోరిక తగ్గడం, నీరసం వంటివి వయసు మీదకో ఒత్తిడి మీదకో నెట్టేస్తారు కాబట్టి గడ్డ పెద్దదయ్యాకే దొరుకుతుంది.

ఎక్కువమందికి మొదటి ఎంపిక డోపమిన్‌లా పనిచేసే కాబెర్గోలిన్ మాత్ర. వారానికి ఒకటి లేదా రెండు సార్లు వేసుకుంటే చాలు. అదే రకానికి చెందిన బ్రోమోక్రిప్టిన్ రోజూ, కొందరికి రోజుకు రెండు మూడు సార్లు వేసుకోవాలి. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో 459 మంది మహిళల్లో ఈ రెండు మందులనూ పోల్చి చూశారు. కాబెర్గోలిన్‌తో 83 శాతం మందికి ప్రొలాక్టిన్ నార్మల్ అయింది, బ్రోమోక్రిప్టిన్‌తో 59 శాతం మందికి. వికారం వంటివి తట్టుకోలేక మందు మానేసినవాళ్లు కాబెర్గోలిన్‌లో 3 శాతం, బ్రోమోక్రిప్టిన్‌లో 12 శాతం. అంకెలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు బ్రోమోక్రిప్టిన్‌తో మొదలుపెట్టడానికి ప్రత్యేక కారణం ఉండాలి. అలాంటి కారణం ఒకటి గర్భం. గర్భిణుల విషయంలో బ్రోమోక్రిప్టిన్‌కు దశాబ్దాల అనుభవం ఉంది. కాబెర్గోలిన్ గురించిన సమాచారం కూడా భరోసా ఇచ్చేదిగానే ఉంది కానీ, కొందరు డాక్టర్లు పాతదాన్నే ఇష్టపడతారు.

ఏ మాత్ర అయినా రాత్రి పడుకునే ముందు, ఏదైనా తిన్న తర్వాత, చిన్న డోసుతో మొదలుపెడితే వికారం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం బాగా తగ్గుతాయి. డాక్టర్లు హడావుడిలో చెప్పకుండా వదిలేసేది ఇంకొకటుంది. ఈ మందులు కొందరిలో మనసు పట్టు తప్పేలా చేస్తాయి. జూదం, అవసరం లేని కొనుగోళ్లు, అదుపు లేని లైంగిక ప్రవర్తన హఠాత్తుగా మొదలవుతాయి. అవి మనిషి గుణం కాదు, మందు ప్రభావం. మందు తగ్గిస్తే పోతాయి. కాబట్టి మొదటి మాత్ర వేసుకునే ముందే జీవిత భాగస్వామికి ఈ సంగతి చెప్పి ఉంచాలి. ఇక గుండె కవాటాలు మందమవుతాయన్న భయం ప్రధానంగా పార్కిన్సన్స్ జబ్బుకు వాడే పెద్ద డోసుల నుంచి వచ్చింది. ఇక్కడ వాడే మామూలు డోసుల్లో ముప్పు చాలా తక్కువ. డోసు ఎక్కువై ఏళ్ల తరబడి సాగితే మాత్రం ఎకో పరీక్ష చేయించుకోవాలి.

మాత్ర ఎన్నాళ్లు? కనీసం రెండేళ్లు. ఆ తర్వాత ప్రొలాక్టిన్ నార్మల్‌గా ఉండి, గడ్డ బాగా తగ్గి ఉంటే డోసు తగ్గించి ఆపి చూడవచ్చు. ఆపినవారిలో సగానికి పైగా మందికి ప్రొలాక్టిన్ మళ్లీ పెరుగుతుంది. ఇది ముందే తెలిస్తే ‘జీవితాంతం వేసుకోవాలేమో’ అన్న లెక్క కూడా ఎంపికలో కలుస్తుంది.

సరిగ్గా ఈ లెక్క దగ్గరే ఆపరేషన్‌కు చోటు పెరిగింది. ఒకప్పుడు మాత్ర పనిచేయనివారికే ఆపరేషన్ అనేవారు. 2023లో పిట్యూటరీ నిపుణుల అంతర్జాతీయ సంఘం వెలువరించిన సూచనలు, పక్కలకు పాకకుండా చిన్నగా ఉన్న ప్రొలాక్టిన్ గడ్డకు అనుభవమున్న సర్జన్ దొరికితే ఆపరేషన్‌ను మొదటి దారుల్లో ఒకటిగా రోగి ముందు పెట్టాలంటున్నాయి. ఇరవై ఏళ్ల వయసులో దశాబ్దాల పాటు మాత్ర ఊహించుకుంటున్నవారు, మాత్ర పడనివారు, మానసిక జబ్బు మందుల వల్ల ఈ మాత్ర వాడలేనివారు దీన్ని తప్పక అడగాలి. పెద్ద గడ్డ, పక్క ధమనులను చుట్టేసిన గడ్డ అయితే మాత్రలతో వైద్యమే మేలు. అక్కడ ఆపరేషన్‌తో ప్రొలాక్టిన్ నార్మల్ కావడం అరుదు. మాత్రతోనైతే చూపు కొద్ది రోజుల్లోనే మెరుగుపడటం కూడా చూస్తాం.

గర్భం ప్లాన్ చేసుకునేవారికి: గర్భం నిలిచిందని తెలియగానే సాధారణంగా మాత్ర ఆపుతారు. చిన్న గడ్డ గర్భంలో బాధపెట్టేంతగా పెరగడం 100లో రెండు మూడు కేసుల్లోనే. ముందు ఆపరేషన్ చేయని పెద్ద గడ్డల్లో అది దాదాపు 20 దాకా ఉంటుంది. కాబట్టి పెద్ద గడ్డ ఉన్నవాళ్లు అది బాగా తగ్గాకే గర్భానికి సిద్ధపడటం మంచిది. గర్భంలో ప్రొలాక్టిన్ సహజంగానే పెరుగుతుంది కనుక ఆ రక్తపరీక్షతో ఉపయోగం లేదు. తలనొప్పి, చూపు, ఈ రెండే కొలమానాలు.

అక్రోమెగలీ, కుషింగ్స్: ఇక్కడ కత్తిదే ముందు వరస

ఎదుగుదల హార్మోన్ ఎక్కువైతే పెద్దవారిలో చేతులు, పాదాలు, దవడ మెల్లగా పెరుగుతాయి. చెప్పుల సైజు మారడం, ఉంగరం పట్టకపోవడం, గురక, షుగర్, బీపీ. 1886లో ఫ్రెంచి వైద్యుడు పియర్ మరీ ఈ జబ్బుకు అక్రోమెగలీ అని పేరు పెట్టాడు. ఇన్నేళ్లు గడిచినా ఇది ఆలస్యంగానే దొరుకుతోంది, మార్పు అంత నిదానంగా వస్తుంది మరి. పాత ఫొటోలు వరసగా పెట్టి చూస్తే చాలాసార్లు డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది.

దీనికి మొదటి ఎంపిక ఆపరేషన్. చిన్న గడ్డల్లో మంచి సర్జన్ చేతిలో 80 శాతం దాకా జబ్బు అదుపులోకి వస్తుంది, పెద్దవాటిలో దాదాపు సగం. మిగిలినవారికి మందుల్లో ఎంపిక ఉంది. ఆక్ట్రియోటైడ్ లేదా లాన్‌రియోటైడ్ నెలకో ఇంజెక్షన్. ఈ రెండింటిలో పెద్ద తేడా లేదు. పిత్తాశయంలో రాళ్లు, విరేచనాలు రెండింటిలోనూ రావచ్చు. పాసిరియోటైడ్ వాటికన్నా బలమైనదే కానీ షుగర్ పెంచుతుంది, కాబట్టి షుగర్ ఉన్నవారికి దాన్ని చివరికి అట్టేపెట్టాలి. పెగ్విసోమాంట్ దీనికి పూర్తిగా వేరు. హార్మోన్ తయారీని ఆపదు, అది పనిచేసే చోట అడ్డుపడుతుంది. షుగర్ ఉన్నవారికి మేలు. రోజూ వేసుకోవాలి, గడ్డ సైజును తగ్గించదు. ఐజీఎఫ్-1 కొద్దిగానే ఎక్కువ ఉన్నవారికి కాబెర్గోలిన్ మాత్ర సరిపోవచ్చు. సూది లేని దారి కనుక ముందు అడిగి చూడవలసినది.

ఏసీటీహెచ్ అతిగా తయారుచేసే గడ్డ వల్ల ఒంట్లో కార్టిసాల్ ఎక్కువవడమే కుషింగ్స్ జబ్బు. ఇందులో గడ్డ చాలాసార్లు స్కాన్‌లో కనబడనంత చిన్నది, హాని మాత్రం చాలా పెద్దది. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, తొడల్లో బలం తగ్గడం, ఎముకలు పెళుసవడం, ఇన్ఫెక్షన్లు, డిప్రెషన్. హార్వీ కుషింగ్ 1912లో దీన్ని వివరించాడు. ఇంత హాని ఉండబట్టే ఇక్కడ ‘ఆగి చూద్దాం’ అన్న ఎంపికే లేదు. అయితే ఆపరేషన్‌కు ముందు జబ్బు నిజంగా ఉందని, అది పీయూష గ్రంథి నుంచే వస్తోందని రెండూ నిర్ధారించుకోవాలి. స్కాన్‌లో స్పష్టత లేకపోతే తొడ సిరల గుండా సన్నని గొట్టం పంపి, గ్రంథి దగ్గరి సిరల నుంచి రక్తం తీసి పరీక్షిస్తారు. కష్టంగా అనిపించినా, తప్పు చోట ఆపరేషన్ చేయించుకోవడం కన్నా ఇదే నయం.

కుషింగ్స్ ఆపరేషన్ విజయవంతమైతే మనిషి కొన్నాళ్లు ముందుకన్నా నీరసపడతాడు. ఒళ్లు నొప్పులు, వికారం, దిగులు వస్తాయి. ఇన్నాళ్లూ పొంగిపొర్లిన కార్టిసాల్ ఒక్కసారిగా పడిపోవడమే కారణం. శరీరం సొంత కార్టిసాల్‌ను మళ్లీ తయారుచేసుకునే దాకా, నెలల నుంచి ఏడాది పైదాకా, మాత్రల రూపంలో స్టెరాయిడ్ వేసుకోవాలి. ఈ నీరసం చూసి ఆపరేషన్ చెడిపోయిందని బెంగపడేవాళ్లకు అది మంచి సంకేతమని చెప్పేవాళ్లు పక్కన ఉండాలి.

ముక్కు ద్వారా ఆపరేషన్

1907లో ఆస్ట్రియాలో హెర్మన్ ష్లోఫర్ మొదటిసారి ముక్కు వైపు నుంచి ఈ గ్రంథిని చేరాడు. నేడు అత్యధిక ఆపరేషన్లు ముక్కు రంధ్రాల గుండానే జరుగుతాయి. పుర్రె తెరవడం కొన్ని భారీ గడ్డలకే. మైక్రోస్కోప్‌తో చేయాలా, ఎండోస్కోప్‌తో చేయాలా అన్నది తరచూ అడిగే ప్రశ్న. ఎండోస్కోప్‌తో మూలలు కూడా బాగా కనబడతాయి, కాబట్టి పక్కలకు పెరిగిన పెద్ద గడ్డలకు అది మేలు. చిన్న గడ్డలకు ఫలితాలు ఇంచుమించు సమానం. ఈ రెండింటి తేడా కన్నా సర్జన్ అనుభవం ఎన్నో రెట్లు ముఖ్యం. ‘ఏడాదికి ఎన్ని పిట్యూటరీ ఆపరేషన్లు చేస్తారు?’ అని అడగడం మర్యాదకు లోటు కాదు. అడిగితే చిన్నబుచ్చుకునే సర్జన్ కన్నా, లెక్క చెప్పి, ఆపరేషన్ తర్వాత మెదడు చుట్టూ ఉండే ద్రవం ముక్కులోంచి కారిన కేసులు ఎన్నో కూడా చెప్పే సర్జన్‌ను ఎంచుకోండి. అదే చోట ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) ఉండటం కూడా అంతే ముఖ్యం.

ఆపరేషన్ తర్వాత ముక్కు చీదకూడదు, ముందుకు వంగి బరువులు ఎత్తకూడదు. ముక్కులోంచి నీళ్లలా పలచగా కారితే, ముఖ్యంగా తల వంచినప్పుడు, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. వెంటనే చెప్పాలి. మొదటి రోజుల్లో మూత్రం విపరీతంగా రావడం ఒక సమస్యైతే, దానికి పూర్తి విరుద్ధమైనది ఇంటికి వెళ్లాక వస్తుంది. వారం రోజులు అటూ ఇటూగా సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగత కలుగుతాయి. డిశ్చార్జ్ కాగితంలో వారం తర్వాత సోడియం పరీక్ష చేయించాలని రాసి లేకపోతే మీరే అడిగి రాయించుకోండి.

రేడియేషన్: ఒక్కరోజా, ఐదారు వారాలా

ఆపరేషన్ తర్వాత గడ్డ మిగిలి, పెరుగుతూనే ఉన్నా, మందులు లొంగదీయలేకపోయినా రేడియేషన్ వైపు చూస్తాం. మొదటి చికిత్సగా ఎంచుకోవడం అరుదు. మిగిలిన ముక్క చిన్నదై, కంటి నరాలకు కనీసం 3 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటే ఒక్కరోజులో ముగిసే గామా నైఫ్ వంటి రేడియోసర్జరీ సుఖం. పెద్దదై, కంటి నరాలను ఆనుకుని ఉంటే చిన్న చిన్న డోసులుగా 25 నుంచి 30 రోజులు ఇచ్చే పద్ధతే సురక్షితం. ఒక్కరోజులో అయిపోతుందన్న సౌకర్యం కోసం కళ్లతో చెలగాటం ఆడకూడదు.

రెండింటిలోనూ హార్మోన్ తగ్గడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా మందు కొనసాగాల్సిందే. రెండింటిలోనూ గ్రంథి మిగతా పనులు ఏళ్ల తర్వాత మెల్లగా దెబ్బతినవచ్చు, కాబట్టి ఏటా పరీక్షలు జీవితాంతం. పిల్లలు కావాలనుకునే వయసులో ఉంటే రేడియేషన్‌కు ముందే ఆ మాట డాక్టర్ దగ్గర తేల్చుకోవాలి.

గ్రంథి పనిచేయకపోతే: లోటు తీర్చే మందుల్లో ఏది

గడ్డ వల్ల, ఆపరేషన్ వల్ల, తలకు దెబ్బ తగలడం వల్ల, కాన్పులో విపరీతమైన రక్తస్రావం వల్ల గ్రంథి చచ్చుబడవచ్చు. చివరిది షీహన్ సిండ్రోమ్. కాన్పు తర్వాత పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, తీరని నీరసం దాని గుర్తులు. ‘బాలింత నీరసమే’ అని ఏళ్లు గడిపేసిన తల్లులు ఉన్నారు. కాన్పులో రక్తం ఎక్కించాల్సి వచ్చిన ప్రతి ఒక్కరి విషయంలోనూ పాలు పడ్డాయా, నెలసరి తిరిగి వచ్చిందా అన్న రెండు ప్రశ్నలు అడగాలని నా కోరిక.

ఇక్కడ అన్నిటికన్నా పెద్ద నియమం వరుస. కార్టిసాల్, థైరాయిడ్ రెండూ తక్కువుంటే ముందు స్టెరాయిడ్ మొదలుపెట్టి, ఆ తర్వాతే థైరాక్సిన్ ఇవ్వాలి. వరుస తారుమారైతే ఉన్న కాస్త కార్టిసాల్ త్వరగా ఖర్చయి, మనిషి ప్రాణాపాయంలో పడతాడు.

స్టెరాయిడ్‌లో హైడ్రోకార్టిసోన్ సహజ హార్మోన్‌కు దగ్గరిది. రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, రెండు మూడు భాగాలుగా, పెద్ద భాగం ఉదయాన్నే. ప్రెడ్నిసోలోన్ ఒక్కపూట మాత్రతో సరిపోతుంది. మధ్యాహ్నం డోసు మరచిపోయేవారికి ఆచరణలో అదే మేలు. డోసు కొంచెం ఎక్కువైనా ఎముకలు, బరువు మీద ప్రభావం పడుతుంది కనుక చూసుకుంటూ ఉండాలి. జ్వరం వస్తే డోసు రెట్టింపు చేయడం, వాంతులతో మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వేయించుకోవడం రోగికీ, ఇంట్లో కనీసం ఒకరికీ నోటికి వచ్చి ఉండాలి.

మగవారికి టెస్టోస్టెరాన్ జెల్ రోజూ రాసుకోవాలి, ఆ జెల్ ఆరిపోయేదాకా పిల్లలకు తగలకూడదు. పొడవుగా పనిచేసే ఇంజెక్షన్ 10 నుంచి 14 వారాలకోసారి. బిడ్డ కావాలంటే రెండూ తప్పు ఎంపికలే, అవి వీర్యకణాల తయారీని అణచేస్తాయి. అప్పుడు హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్ల దారి పట్టాలి. ఆడవారిలో ఎదుగుదల హార్మోన్ కూడా తీసుకునేవారికి ఈస్ట్రోజెన్ మాత్ర కన్నా చర్మం మీద అంటించే ప్యాచ్ నయం. మాత్ర ఆ హార్మోన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది.

వేసోప్రెసిన్ లోపిస్తే రోజుకు లీటర్ల కొద్దీ మూత్రం పోతుంది. ఆ లోటు తీర్చే డెస్మోప్రెసిన్ మందు ముక్కులో కొట్టుకునే స్ప్రేగా, మాత్రగా, నాలుక కింద కరిగే బిళ్లగా దొరుకుతుంది. జలుబులోనూ, ముక్కు ఆపరేషన్ తర్వాతి రోజుల్లోనూ స్ప్రే సరిగ్గా ఒంటికి పట్టదు కాబట్టి మాత్ర నమ్మకమైనది. స్ప్రే డోసు 10 మైక్రోగ్రాములైతే మాత్రలో 100 నుంచి 200 ఉంటుంది. ఒకదాని అంకెను మరొకదానికి వాడకూడదు. దాహం లేకపోయినా నీళ్లు తాగుతూ ఉంటే సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది. చాలామందికి వారానికోసారి ఒక డోసును ఆలస్యం చేసి, మూత్రం ధారాళంగా వచ్చాక వేసుకోమని చెబుతారు.

పోల్చుకునే వ్యవధి లేని సందర్భం

గడ్డలోకి హఠాత్తుగా రక్తం చేరితే ముందెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు పోవడం, ఒకటి రెండుగా కనబడటం, కనురెప్ప వాలిపోవడం గంటల్లో వస్తాయి. గడ్డ ఉన్న సంగతి ముందు తెలియనివాళ్లకు కూడా ఇదే మొదటి గుర్తు కావచ్చు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. గడ్డ ఉందని తెలిస్తే తలుపు దగ్గరే చెప్పాలి. అక్కడ మొదట అందాల్సింది హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్. ఆపరేషన్ కావాలా, మందులతో ఆగవచ్చా అన్నది చూపు ఎంత దెబ్బతింది, మెలకువ ఎలా ఉంది అన్నవి చూసి న్యూరోసర్జన్, ఎండోక్రైనాలజిస్ట్, కంటి డాక్టర్ కలిసి తేలుస్తారు.